చెప్పిన మాట వినే కెమెరా

వెనక్కొచ్చిన మూటను మరిది గుమ్మం దగ్గర్నుంచే విసిరాడు. అది తడి నేల మీద జారుకుంటూ వచ్చి పెద్దకోడలి కాళ్ల దగ్గర ఆగింది. ఆమె అప్పుడే ఎరుపు తొట్టిలోంచి గుడ్డ పైకి తీస్తోంది. రెండు చేతులా కర్ర పట్టుకుని, నీళ్లోడుతున్న బరువును తొట్టి అంచు మీదికి లాగుతూ మూట వంక ఓ చూపు చూసింది గానీ కర్ర వదల్లేదు. మధ్యలో వదిలేస్తే మడత పడ్డచోటల్లా మరక దిగుతుంది. ఎవరేం విసిరినా పని పనే.

"మళ్లీ వచ్చింది వదినా," అన్నాడు మరిది. "ఫొటోలో చూసింది ఒక రంగట, చేతికందింది ఇంకో రంగట. తిట్లు తినడానికి నేనొకణ్ని ఉన్నాగా!"

"ఏ రంగు?"

"ఇంకేది, వంకాయ. నీ చేతి వంకాయకి పెట్టింది పేరు కదా."

పెద్దకోడలు గుడ్డను అంచు మీద సర్ది, చేతులు కొంగుకు తుడుచుకుని, వంగి మూట విప్పింది. దుప్పట్లు మడత నలగలేదు. వంకాయ రంగు నిండుగా, లోపల ఎక్కడో ఎరుపు దాచుకుని, వెలుతురు పడ్డచోట నీలం తేలుతూ ఉంది. ముందు నీలంలో ముంచి ఆరేసి, ఆరాక ఎరుపులో ఉడికించి తీసిన రంగు. రెండు తొట్లలో ఏది ఒక్క పిసరు ఎక్కువైనా చెడుతుంది. ఇది చెడలేదు. ఆ సంగతి ఆమె వేళ్లకు కూడా తెలుసు.

"దీనికేం వచ్చిందయ్యా? బంగారంలా ఉంటేను!"

"నీకు బంగారమే. కొన్నవాళ్లు సిరా రంగు అడిగితే వంకాయ పంపారంటున్నారు. పోయినసారి ఇంకెవరో ఊదా అన్నారు. ఒక్కో తొట్టికి ఒక్కో రంగు తేలితే అమ్మేవాడు ఏమని అమ్ముతాడు?" మరిది గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే అతనితో భయం. "నేనొకటి అనుకున్నాను. వచ్చే నెల నుంచి గుడ్డ మిల్లుకు పంపేద్దాం. వాళ్లే రంగేసి ఇస్తారు. ఈ పొయ్యిలు, పొగ, తొట్లు ఏవీ ఉండవు. నువ్వు హాయిగా నీడపట్టున కూర్చుని మడతలు పెట్టుకో."

పెద్దకోడలు తొట్ల వంక చూసింది. మడతలు పెట్టడం తప్పు పని కాదు. కానీ పొద్దున లేవగానే పొయ్యి అంటించి, నీళ్లు వేడెక్కే చప్పుడు వింటూ రంగు పొడి చిటికెడు నాలిక మీద పెట్టుకున్నట్టు చూసుకుని కలిపే మనిషి ఆమె. ఆ తొట్లు తీసేస్తే ఈ ఇంట్లో తనదంటూ ఏముంటుంది? మొగుడికి చెప్పుకుందామంటే సరుకు బండితో తిరుగుడు, ఇంటి పట్టున ఉన్నా అన్నదమ్ముల మధ్య నోరు విప్పే రకం కాదు.

"రంగు నాదే తప్పంటే ఒప్పుకుంటాను," అంది. "కానీ ఇది తప్పు రంగు కాదు. నీ ఫొటోలోనే ఏదో ఉంది."

మరిది నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఇంత ఖరీదైన ఫోను పెట్టుకుని తీస్తుంటే ఫొటోది తప్పా?"

అత్తగారు గోడవారగా పీట మీద కూర్చుని ఉంది. ఈ తొట్లు పెట్టింది ఆవిడే. మోకాళ్లు మొరాయించాక కర్ర కోడలి చేతికిచ్చింది గానీ కన్ను మాత్రం ఇవ్వలేదు. "ఒరేయ్, ఆ నాటకశాల ఆవిడ అడిగిందన్నావు, తెరకి వంకాయ రంగు కావాలని?"

"అడిగింది. స్టేజి మొత్తానికి. ముందు ఫొటో పంపమంది. అందుకే మిల్లు నుంచి ముక్క తెప్పిస్తున్నా."

"మిల్లుది పంపు. వదిన వేసిందీ పంపు. రెండు ఫొటోలూ పంపి, ఏది నచ్చిందో ఆవిణ్నే చెప్పమను. ఆవిడ ఏదంటే అది. మిల్లుదంటే తొట్లు బోర్లించేద్దాం."

"అమ్మా, ఆవిడ ముందు పరువు..."

"పరువు సంగతి తర్వాత. ముందు తొట్టి సంగతి తేలనీ."

పెద్దకోడలు అత్తగారి వంక చూసింది. ఆవిడ తన పక్షమో కాదో ఆ మొహంలో ఏనాడూ కనపడదు. బోర్లించేద్దాం అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు కుట్టుమిషను ఆపేసి, మిగిలిన అంచులు భుజాన వేసుకుని వచ్చింది. ఆ ఇంటి దుప్పట్లకు అంచులు కుట్టేది ఆమే, ఇంట్లో అందరికీ మాటలంటించేదీ ఆమే. చెంప మీద మినపగింజంత పుట్టుమచ్చ. దాని మీద ఆమెకు చెప్పలేనంత అభిమానం.

"వదినా, అన్నయ్య ఫోను అడుక్కొచ్చా. వాడు టిఫిను తినేలోగా ఏం చూడాలో చూసెయ్."

ఇద్దరూ ఒకే దుప్పటిని షెడ్డులో ట్యూబులైటు కింద పరిచి ఫొటో తీశారు. గుమ్మంలో పరిచి తీశారు. వెనక సందులో, ఎండ గోడ మీద నుంచి కిందికి దిగేచోట తీశారు. షెడ్డులో అది సిరా రంగయింది. గుమ్మంలో ఊదా అయింది. ఎండలో ఏకంగా మిలమిలా మెరిసిపోయి, బొమ్మల దుకాణంలో అమ్మే సంచిలా తయారైంది. మూడింటిలో ఒక్కటీ చేతిలో ఉన్న గుడ్డ కాదు.

"ఇది ఫోనా, ఊసరవెల్లా?" అంది ఆడపడుచు. "నా సంగతి చెప్పనా? మొన్న నా ఫొటో తీసుకున్నా. మొహం పాలలో ముంచి తీసినట్టుంది, మచ్చ మాయం. ఎవరిదీ మొహం అనుకున్నా. దానికి మనమెలా ఉన్నామో అక్కర్లేదు వదినా, ఎలా ఉంటే బాగుంటామో దానికి తోచిందే వేస్తుంది."

పెద్దకోడలు ఆ మూడు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. తను తప్పు చెయ్యలేదన్న సంతోషం వచ్చింది. వెంటనే పోయింది. ఈ మాట మరిదితో అంటే, వెలుతురు తేడా వదినా అంటాడు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అతనికి చెప్పడం కాదు, చూపించాలి.

ఇద్దరూ మార్కెట్టు వెనక సందులో ఉన్న కెమెరాల మెకానిక్కు దగ్గరికి వెళ్లారు. రెండు గజాల కొట్టు. అద్దాల బీరువా నిండా ఎవరూ వాడని చిన్న కెమెరాలు, అన్నీ జేబులో పట్టేవే. ఫోన్లు వచ్చాక జనం వీటిని సంచుల్లో పోసుకొచ్చి ఇచ్చి వెళ్లారట. మెకానిక్కు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"ఉన్న రంగు ఉన్నట్టు చూపించేది కావాలి బాబాయ్," అంది ఆడపడుచు.

అతను ఎర్రగా మెరిసే సన్నటి కెమెరా ఒకటి తీశాడు, మళ్లీ తనే తల అడ్డంగా ఊపి లోపల పెట్టేశాడు. "ఇది ముద్దుగా ఉంటుంది గానీ అన్నీ దాని ఇష్టం." కింది అరలోంచి మూలలు అరిగిన, కాస్త లావుపాటి నల్ల కెమెరా తీసి పెద్దకోడలి చేతిలో పెట్టాడు. పైన గుండ్రటి చక్రం. "ఈ చక్రాన్ని 'ఎం' అనే అక్షరం మీదికి తిప్పితే ఇక దాని పెత్తనం ఉండదు. వెలుతురు లోపలికొచ్చే దీని కిటికీ ఎంత తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పకపోతే చీకటిగా తీసి చేతిలో పెడుతుంది, అడిగినా సర్దదు. చెప్పిన మాట వినే రకం."

"మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు, పట్టికెళ్తాం," అంది ఆడపడుచు.

"ఇంకోటమ్మా. తెలుపంటే ఏదో కూడా దీనికి నువ్వే చూపించాలి. తెల్లటి వస్తువొకటి ఎదురుగా పెట్టి ఈ మీట నొక్కితే, ఓహో ఇదన్నమాట తెలుపు అనుకుంటుంది. మిగతా రంగులన్నీ దాన్ని బట్టే లెక్క వేసుకుంటుంది."

పెద్దకోడలు చక్రం తిప్పి చూసింది. ఒక్కో అక్షరం దగ్గరా చిన్నగా టిక్కుమంది. ఆ చప్పుడు ఆమెకు నచ్చింది. బేరం ఆడపడుచు చూసుకుంది. చెప్పుల జత కన్నా కాస్త తక్కువలోనే తెగ్గొట్టి, పైగా చేతికి తగిలించుకునే తాడు కూడా లాక్కుంది.

*

తెలుపు కావాలంటే ఆ ఇంట్లో వెతుక్కోనక్కర్లేదు. అత్తగారి పెట్టెలో ఓ దుప్పటి ఉంది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే మంచం మీద పరిచేది. మల్లెపువ్వులా ఉంటుందని వీధి వీధంతా అంటుంది. రంగులవాళ్ల ఇంట్లో తెల్లటి గుడ్డ తెల్లగా ఉండటమే గొప్ప. అందుకని అత్తగారు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటుంది.

పెద్దకోడలు ఆ దుప్పటి కిటికీ పక్కన పరిచి, కెమెరాకు చూపించి మీట నొక్కింది. తర్వాత వంకాయ గుడ్డ పెట్టింది. మొదటి ఫొటో అంతా నలుపు. రెండోది పొగమంచు. ఆడపడుచు పక్కన నిలబడి, "కెమెరా కిటికీ ఇంకొంచెం మూయి వదినా. అయ్యో, మరీ మూసేశావు, ఊపిరాడక చస్తుంది," అంటూ ఉంది. చక్రాలు అటు తిప్పి ఇటు తిప్పి, వేళ్ల గుర్తులు అద్దం మీద పడితే తుడిచి, మళ్లీ తీసేసరికి మధ్యాహ్నమైంది. చివరికి గుడ్డ నేత కూడా కనపడేంత చక్కటి ఫొటో ఒకటి పడింది.

కానీ ఆ రంగు వంకాయ కాదు. తుప్పు పట్టిన ఇనుములా గోధుమ తిరిగిన ఎరుపు. ఫోను కన్నా అన్యాయం.

సరిగ్గా అప్పుడే మరిది వచ్చాడు. వెనక నుంచి తొంగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదినా, నిప్పుల్లో కాల్చావా వంకాయని? నా ఫోనన్నా నయం, పచ్చి వంకాయ చూపించింది."

"నువ్వు నోరు ముయ్యన్నయ్యా."

"మూస్తాను. మిల్లు ముక్క వచ్చింది. రేపు ఫొటో తీసి పంపుతా. మీదేదన్నా ఉంటే రేపటికే ఇవ్వండి."

అతను వెళ్లాక పెద్దకోడలు కెమెరా పక్కన పెట్టి తొట్టి దగ్గర కూర్చుంది. చెప్పిన మాట వినే కెమెరా అన్నాడు మెకానిక్కు. చెప్పాను, విన్నది. విని ఈ రంగు చూపించింది. అంటే తన కన్నే తప్పా? ఇన్నాళ్లూ వంకాయ అనుకుంటూ తను తుప్పు రంగు వేస్తోందా? నిజంగానే మరిది చెప్పినట్టు... ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగితే, చేతులకు రంగుంది కదాని భుజంతో తుడుచుకుంది.

ఎదురుగా అత్తగారు పీట మీద కూర్చుని, కోడలు నేల మీద పరిచి పాడుచేసిన ఆ తెల్ల దుప్పటిని ఉతికి జాడిస్తోంది. సణుగుతోంది కూడా. "నా మంచి దుప్పటే దొరికింది వీళ్లకి..." జాడించి, పిండి, పక్కనున్న చిన్న బాల్చీలోకి చెయ్యి పెట్టి, నీలిమందు సీసా వంచింది. ఒక చుక్క కాదు. రంగులవాళ్ల ఇంటి నీళ్లలో ఏదో ఒక చాయ కలవకుండా ఉండదు, అందుకని ఊరందరూ వేసేదానికి రెండింతలు వేస్తుంది. నీళ్లు ఆకాశంలా మారాయి. దుప్పటి అందులో మునిగింది.

పెద్దకోడలు చటుక్కున లేచింది. తొట్టి అంచుకు మోకాలు కొట్టుకుంది, పట్టించుకోలేదు.

"అత్తయ్యా! అది తెలుపు కాదు!"

"ఏంటే? మల్లెపువ్వులాంటి దుప్పటిని పట్టుకుని..."

"తెలుపు కాదత్తయ్యా, నీలం! లేత నీలం! మనకి అలవాటై తెలుపంటున్నాం. కెమెరాకి నీలాన్ని చూపించి ఇదే తెలుపు అని నమ్మించాను. పాపం నమ్మింది. నమ్మి, గుడ్డలో ఉన్న నీలమంతా లాగేసింది. నీలం పోతే వంకాయలో మిగిలేది తుప్పే!"

గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "రంగులవాళ్ల ఇంట్లో తెలుపేదో తెలీదంటే బయట నవ్వుతారు వదినా!"

"నవ్వనీ. మన దగ్గర నీలిమందు తగలని తెల్ల గుడ్డ ఏదుంది?"

ఇల్లంతా గాలించారు. చొక్కాలు, తువ్వాళ్లు, తలగడ గలేబులు, అన్నీ అత్తగారి చేతిమీదుగా నీలంలో మునిగినవే. చివరికి అత్తగారే, ఏమీ పట్టనట్టు, తల కూడా ఎత్తకుండా అంది: "సోడాలో ఉడకబెట్టి ఎండేసిన కోరా గుడ్డ దండెం చివర ఉంది. రంగుకి సిద్ధం చేసింది. దానికి నీలిమందు వెయ్యం కదా."

పెద్దకోడలు ఆవిడ కాళ్ల మీద పడేదే. టైము లేక పడలేదు.

ఆ గుడ్డ దుప్పటంత తళతళలాడదు. పక్కన పెడితే పేదింటి చుట్టంలా ఉంది. దాన్నే కెమెరాకు చూపించి మీట నొక్కింది. వంకాయ గుడ్డ పరిచింది. ముదురు రంగు కదాని కెమెరా కిటికీ కాస్త మూసింది, ముదురుని ముదురుగానే ఉండనివ్వాలని. ఊపిరి బిగబట్టి నొక్కింది.

కెమెరా తెర మీద వంకాయ నిండుగా కనపడింది. లోపల ఎరుపు, పైన నీలపు తేట. ఆడపడుచు కెమెరాను గుడ్డ మీద పెట్టింది. కెమెరా తెర ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో ఒక క్షణం ఇద్దరికీ తెలీలేదు.

"వదినా," అంది ఆడపడుచు మెల్లిగా, "ఇప్పుడు నా ఫొటో ఒకటి తియ్యి." తీసింది. మచ్చ మచ్చలాగే ఉంది, మినపగింజంత. "అమ్మయ్య, నేనే!"

ఇంకో ఫొటో తీసేముందు పెద్దకోడలు ఆ కోరా గుడ్డలోంచి అరచేతంత ముక్క కత్తిరించి, వంకాయ గుడ్డ మూలలో పెట్టింది. ఎందుకని ఆడపడుచు అడిగితే, "ఉండనీ, తోడుగా," అంది.

*

మరిది రెండు ఫొటోలూ పంపాడు. అన్యాయం చేసే మనిషి కాదు, ఫోను మీద నమ్మకం ఎక్కువైన మనిషి. మిల్లు ముక్కను ఫోనుతో ట్యూబులైటు కింద తీసిన ఫొటో నగలా మెరుస్తోంది. వదినది పక్కన పెడితే మూగగా ఉంది. "చూడు, నేనేం చెయ్యలేదు, నీదే వెలవెలబోతోంది," అన్నాడు కాస్త జాలిగా కూడా.

రెండ్రోజుల తర్వాత నాటకశాల ఆవిడ స్వయంగా వచ్చింది. పొట్టి జుట్టు, భుజాన పెద్ద సంచి, మాట తక్కువ. వెడల్పాటి ట్యాబులో రెండు ఫొటోలూ తెరిచి బల్ల మీద పెట్టింది. "ఫొటోలో నాకు ఇదే నచ్చింది," అని మిల్లుదాన్ని చూపించింది. మరిది మొహం వెలిగింది. పెద్దకోడలి చేతివేళ్లు కొంగు చివర చుట్టుకున్నాయి. "కానీ తెర కదా, గుడ్డ చూడకుండా తేల్చలేను. తీసుకురండి."

మరిది పరుగున వెళ్లి మిల్లు ముక్క తెచ్చి పరిచాడు. ఆవిడ గుడ్డను చూసింది. ఫొటో చూసింది. ట్యాబు గుడ్డ పక్కన పెట్టింది.

"ఇది కాదండీ. నాకు ఫొటో పంపిన గుడ్డ తెండి."

"అదేనండీ."

"అదేమిటి? ఇందులో సిరా రంగుంది. ఇది మట్టి కలిసిన ఊదాలా ఉంది."

"వెలుతురు తేడా అండీ, గుమ్మంలోకి రండి..." గుమ్మంలోకి వెళ్లారు. ఎండలోకి వెళ్లారు. గుడ్డ ఎక్కడా ఫొటో కాలేదు. మరిది మిల్లు ముక్కను తిరగేసి చూశాడు. రంగు వేసింది వదిన కాదు, మిల్లు. తొట్టి లేదు, పొగ లేదు, చేతివాటం లేదు. అయినా అదే సిరా, అదే మాట: చూసింది ఒకటి, వచ్చింది ఒకటి. అతను ఫోను జేబులోంచి తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోటి ఉందిగా," అంది అత్తగారు పీట మీద నుంచి.

పెద్దకోడలు తన గుడ్డ తెచ్చి పరిచింది. మడత తిన్నగా విప్పింది. ఆవిడ ట్యాబును దాని మీద పెట్టింది. వంగి చూసింది. గుడ్డ అంచు ఎత్తి ట్యాబు తెర పక్కన ఆనించింది.

"ఫొటోలో ఈ మూల తెల్ల ముక్క ఎందుకు పెట్టారు?"

"సాక్షి అండీ," అంది పెద్దకోడలు. "అది మీ దగ్గర తెల్లగా కనపడితే పక్కనున్న రంగు నిజం చెప్తున్నట్టు. తేడాగా కనపడితే మమ్మల్ని నమ్మకండి, గుడ్డ తెప్పించుకోండి."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "ఫొటోలో ఎంత మెరుపైనా చూపించొచ్చు. నా తెర ఎలా ఉంటుందో నాకు ముందే తెలియాలి, నాకు కావాల్సింది అది. ఇదే వెయ్యండి. స్టేజి మొత్తానికి. ఇకనుంచి నాకు ఏది పంపినా ఈ తెల్ల ముక్క పెట్టి పంపండి."

ఆవిడ వెళ్లిపోయింది. మరిది మూలనున్న వెనక్కొచ్చిన మూట తనే తెచ్చి, విప్పి, ఒక దుప్పటి మిల్లు ముక్క పక్కన పరిచి, ట్యూబులైటు కింద తన ఫోనుతో రెండింటినీ ఫొటో తీశాడు. రెండూ సిరాయే.

"మరి ఇన్నాళ్లూ వెనక్కొచ్చిన మూటలు ఎవరి ఖాతాలో వేద్దాంరా?" అంది అత్తగారు.

"మద్దెల ఖాతాలో," అంది ఆడపడుచు. "పాపం, నిజంగానే ఓడుదమ్మా!"

మరిది చెల్లెల్ని కొరకొరా చూశాడు, అంతలోనే నవ్వాపుకోలేకపోయాడు. నవ్వు ఆగాక వదిన వైపు తిరిగాడు. "వదినా, తప్పు నాదే. నీ చేతిని అనుమానించాను." కెమెరా వంక చూసి, "ఆ చక్రం ఎటు తిప్పాలో నాకూ చెప్తావా?" అన్నాడు.

పెద్దకోడలికి ఒళ్లంతా తేలిగ్గా అయిపోయింది. గెలిచానని గట్టిగా అరవాలనిపించింది. అరవకుండా కట్టెలున్న వైపు చెయ్యి చూపించింది. "చెప్తాను మరిదిగారూ. స్టేజి తెరంటే మాటలా? ముందు రెండు పొయ్యిలూ అంటించు."

అతను కిక్కురుమనకుండా కట్టెలు తెచ్చి పేర్చి, వంగి ఊదాడు. కట్టె పచ్చిది. పొగ మొహాన కొట్టింది. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ లేచేసరికి ముక్కు నుంచి చెవిదాకా మసి. పెద్దకోడలు కెమెరా తీసి, చక్రం సరిచూసుకుని, అతని మొహానికి గురిపెట్టింది.

"వదినా, వద్దు! తియ్యాలంటే నా ఫోనుతో తియ్యి!"

"అమ్మో, ఫోనుతోనా! అది మసి తుడిచేస్తుంది," అని పెద్దకోడలు మీట నొక్కింది.

వెనక తొట్లో నీళ్లు అప్పుడే వేడెక్కడం మొదలెట్టాయి.